ఏ తీగ శెట్టీ?

"ఏం శెట్టీ, ఏ తీగ తీసుకుంటాండావు?"

జెరాక్సు అంగడి మెట్ల మీద కూర్చున్న మనిషి అడిగాడు. మోకాళ్ల దాకా నల్లమట్టి, భుజాన మాసిన తువ్వాలు.

అంగడి యజమాని మునిరత్నం శెట్టికి ఒళ్లు మండింది.

"నీకెందుకప్పా?"

"అది గాదు శెట్టీ..."

"నీడకు కూచున్న్యావు, కూచో."

ఆ మనిషి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

శెట్టి బాధ శెట్టిది. వారం తిరిగితే ఇంటర్ ఫలితాలు. ఏటా కోయిలకుంట్ల పిల్లలు వాటి కోసం నంద్యాల బస్సెక్కుతారు. ఈసారి మా అంగడిలోనే చూసుకోండని కాలేజీ గోడ నిండా కాగితాలు అంటించాడు. రెండు కంప్యూటర్లు కూడా దిగాయి. నెట్టు ఒక్కటే రాలేదు.

ఏది పెట్టించాలో తెలిస్తే కదా!

ఫోనాఫీసులో అడిగితే, "మనిషిని పంపిస్తాంలే" అన్నారు.

కర్నూలు నుంచి వచ్చిన నెట్టు కంపెనీ కుర్రాడు అసలు తీగే అక్కర్లేదన్నాడు. మిద్దె మీద కడ్డీ పాతితే చాలట. మబ్బు పడితే ఎట్లప్పా అని అడిగితే నవ్వాడు. ఆ నవ్వు అవునో కాదో శెట్టికి అంతుపట్టలేదు.

బావమరిది ప్రదీప్‌కుమార్‌ది టీవీ కేబులు.

"నా తీగలోనే నెట్టు గూడా వస్తాది బావా. రెండువందల యాభై ఆరు!"

"ఏందిరా అవి, గజాలా?"

"స్పీడు బావా!"

"ఫోనోళ్లు గూడా రెండువందల యాభై ఆరే అన్న్యారు గదరా."

"వాళ్లది వేరే, మనది వేరే."

ఎట్లా వేరో చెప్పలేదు.

మర్నాడు మట్టికాళ్ల మనిషి మళ్లీ అదే మెట్టు మీద.

"తేల్చుకున్న్యావా శెట్టీ?"

"మళ్లీ మొదలుపెట్టినావా? పనీ పాటా లేదా నీకు?"

"ఉండాదిలే. పైన యాలాడే తీగ వద్దు శెట్టీ. భూమిలో పొయ్యేదైతే..."

"నెట్టు గురించి నువ్వు చెప్తాండావా నాకు? శానా మంచి కాలమొచ్చింది సామీ!"

జెరాక్సుకు వచ్చినవాళ్లంతా నవ్వారు. ఆ మనిషి కూడా కొంచెం నవ్వి, తల దించుకున్నాడు.

మూడో రోజు శెట్టి తేల్చేశాడు. అర్థమై కాదు, అలసిపోయి.

"నీదే లాగరా ప్రదీపూ. ఎంతైనా మనోడివి. ఫోనోళ్లది వద్దు."

మెట్ల మీద మనిషి ఆ మాట విన్నాడు. చెంబెడు నీళ్లు అడిగి తాగి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

ఫలితాల రోజు పదకొండు గంటలకే అంగడి ముందు నూరుమంది పిల్లలు చేరారు.

పదకొండున్నరకు, మిద్దెంత ఎత్తున వరిగడ్డి వేసుకుని వచ్చిన ట్రాక్టరు, ప్రదీపు రోడ్డుకు అడ్డంగా లాగిన కేబులు తీగను తెంపుకుని పోయింది.

"సాయంత్రానికి అతికిస్తా బావా!"

"సాయంత్రానికి వీళ్లు నంద్యాల పోయి గూడా వస్తారు గదరా!"

అప్పటికే సగంమంది బస్టాండు దారి పట్టారు. రేపటి నుంచి తన అంగడి గడప ఎవరు తొక్కుతారు? శెట్టి చెప్పులు లేకుండా ఫోనాఫీసుకు పరుగెత్తాడు.

"సార్, నాకు మీ తీగే కావాల. ఇప్పుడే ఇయ్యండి!"

ఆఫీసరు రాఘవేంద్రప్రసాద్ తల అడ్డంగా ఊపాడు.

"యాడియ్యాల శెట్టిగారూ? మీ వీధిలో తీగ పూడ్చి పదేళ్లాయ. కొత్త లైను కలిపే అతుకు ఏ మూల ఉండాదో తెలిసినోడు ఒక్కడే. కోసిగి ఏసేపు. అది తవ్వి పూడ్చినోడు."

"ఐతే పిలిపించండి సార్!"

"యాడుండాడు? బెంగుళూరు పనికి పోయె గదా. మీకు లైను ఇయ్యాలనే ఆయప్పను ఆపి మీ అంగడికి పంపిస్తిమి. మీరు సరేనంటారేమోనని మూడు దినాల కూలి పోగొట్టుకుని కాచుకున్న్యాడు."