సొంత డ్రైవర్

డ్రైవర్ల విభాగం ఉంటుందో ఊడుతుందో ఈ రోజుతో తేలిపోవాలి. ఆ విభాగం అంటే చీఫ్ ఇంజనీరు ఒక్కడే. అది ఊడితే ఆయన కుర్చీ కూడా ఊడుతుంది.

కంపెనీ తయారుచేసేది మందుసీసాల్లో నలుసులు పట్టే కెమెరాలు. సెకనుకు నాలుగొందల బొమ్మలు యూఎస్‌బీ తీగ గుండా కంప్యూటర్‌కు చేరతాయి. వాటిని తడబడకుండా అందుకునే ప్రోగ్రామే డ్రైవర్. ఏ కెమెరాకైనా పనికొచ్చే ఉచిత డ్రైవర్ ఒకటి నెట్‌లో అందరికీ దొరుకుతుంది. ఈ కెమెరాకని ప్రత్యేకంగా ఉన్న డ్రైవర్ మాత్రం చీఫ్ దగ్గరే ఉంటుంది. దాని లోపల ఏముందో ఎనిమిదేళ్లుగా ఆయన ఎవరికీ చూపించలేదు.

ఉచితంగా దొరుకుతుంటే మళ్లీ మనకో విభాగం దండగ కదా అని డైరెక్టరమ్మ అడిగింది.

చీఫ్ పెదవి విరిచాడు. వెటకారంలో ఆఫీసు మొత్తంలో ఆయన్ని మించినవాళ్లు లేరు.

"అందరి కాళ్లకీ ఒకటే చెప్పు కుట్టే రకం మేడమ్ వాళ్లు. ఊరూ పేరూ లేని జనం. పొద్దుపోక ఏదో రాసి పారేస్తుంటారు. రేపు సీసాలో గాజుముక్క ఉండిపోతే ఎవరి మెడ పట్టుకుంటారు?"

మెడ మాట ఆమెకు గట్టిగానే తగిలింది. రెండూ నడిపి చూపించమంది.

టెస్టింగ్ అమ్మాయి ముందు ఉచిత డ్రైవర్‌ను నడిపింది. తొమ్మిది వేల బొమ్మలు దాటగానే అది చతికిలబడింది. చీఫ్ ముఖం చేటంత చేసుకున్నాడు. తర్వాత ఆయన డ్రైవర్ వంతు. అదీ అక్కడికే వచ్చి చతికిలబడింది.

తీగ లోపమన్నాడు చీఫ్. ఆ అమ్మాయి తీగ మార్చింది. మళ్లీ అదే తంతు. పాపం, నవ్వాపుకోవడానికి ఆమె నానా అవస్థ పడింది.

చీఫ్ మాత్రం తొణకలేదు.

"తప్పు ఎవరికైనా వస్తుంది మేడమ్. దాన్ని సరిచేసే నాథుడు ఉన్నాడా లేడా అన్నదే లెక్క. నాకు సాయంత్రం దాకా టైమివ్వండి. ఆ ఊరూ పేరూ లేనోళ్లని ఇలా ఓ మాట అడగండి, పలుకుతారేమో చూద్దాం."

డైరెక్టరమ్మ మెత్తబడింది. బాధ్యత తీసుకునే మనిషి ఉండటమే ముఖ్యమంది. విభాగం ఉంటుందనీ, ఉచిత సరుకు ఇక కంపెనీ గడప తొక్కకూడదనీ చెప్పి వెళ్లిపోయింది.

చీఫ్ తన గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుని, ఎవరో ఈ లోపాన్నే సరిచేసి ఆ పొద్దునే నెట్‌లో ఉంచిన కొత్త ఉచిత డ్రైవర్‌ను దించుకుని, ఎనిమిదేళ్లుగా చేస్తున్నట్టే దాని పేరు చెరిపేసి కంపెనీ పేరు పెట్టాడు.