చూరుకు కట్టిన కంకి

అడవి అంచున కొన్ని ఎలుకలు చిన్న చిన్న జొన్నచేలు చేసుకొని బతికేవి. ఒకనాడు పంచాయతీ కొంగ గంపెడు విత్తనాలతో అక్కడికి వచ్చింది.

"పాత విత్తనం అప్పగించినవారికి కొత్త విత్తనం ఉచితం!"

"మా పాతది తమకెందుకు దొరా?" అని అడిగింది ముసలి ఎలుక బాలవ్వ.

"అది పుచ్చిపోయింది కదవ్వా, తగలబెడతాం."

బాలవ్వ మచ్చుకు నాలుగు కొత్త గింజలు అడిగి తీసుకొని, మొలుస్తాయో లేదో చూద్దామని తడి ఆకులో చుట్టి ఉంచింది. అన్నీ మొలిచాయి.

"ఈ ముసలిది తల్లిపాలు కూడా వాసన చూసే తాగి ఉంటుంది!" అని పొరుగింటి మంగి నవ్వింది.

బాలవ్వ అందరిలాగే పాత గింజలు అప్పగించింది. విత్తనానికని ఆనవాయితీగా చూరుకు కట్టిన కంకిని మాత్రం విప్పలేదు.

ఆ ఏడు పంట విరగపండింది. మరుసటి ఏడు ఆ పంట గింజలనే విత్తితే ఒక్క మొలకా రాలేదు. మంగి పంచాయతీకి పరుగెత్తింది.

"ఈసారి విత్తనం కావాలంటే చేను అప్పగించాలి," అంది కొంగ.

మంగి తలదించుకొని బాలవ్వ గడప ముందు నిలబడింది. బాలవ్వ చూరు నుండి కంకి విప్పి, సగం విరిచి ఇచ్చింది.

"ముందు తడి ఆకులో చుట్టి చూసుకో తల్లీ. నన్నూ నమ్మవద్దు."

మంగి ఆ కంకిని వాసన చూసింది.