డ్రేటన్ గారి సవరణ

"ఏంటీ! ఆడదాన్ని పంచుకునే హక్కా?"

సభ గొల్లుమంది. వెనక వరసలో ఒకాయన నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నాడు.

"పంచుకునే కాదు మహానుభావా, ఎంచుకునే!" ఇషామ్ డ్రేటన్ గొంతు పెంచాడు. ఇరవయ్యేళ్లు కొలిమి హోరు మీద వినబడిన గొంతు అది. "మొగుణ్ణి ఎంచుకునే హక్కు. ఆడవాళ్లకి!"

పక్కసీట్లో టైటస్ తల పట్టుకున్నాడు. బానిసత్వం పోయి నాలుగేళ్లయింది. దక్షిణ కరోలినాలో నిన్నటి బానిసలే ఇవాళ చట్టాలు రాస్తున్నారు. దొరలు మొగుణ్ణొక ఊరికీ, పెళ్లాన్నొక ఊరికీ అమ్మేసిన రోజుల్లో, మిగిలినవాళ్లు మళ్లీ ఇంకొకరితో కాపురం పెట్టుకున్నారు. ఇప్పుడు పాతవాళ్లు వెతుక్కుంటూ వస్తున్నారు. ఇద్దరు పెళ్లాలు తేలిన మగవాడు ఒకరిని ఎంచుకోవచ్చని బిల్లు. ఇద్దరు మొగుళ్లు తేలిన ఆడదాని ఊసే అందులో లేదు. అది చేర్చాలని ఇషామ్ పట్టు.

"అన్నా, మానెయ్యి. మీ ఊరి మగాళ్లు ఒక్క ఓటు వెయ్యరు. సీటు పోతుంది."

"పోనీరా. సీటు చల్లారితే కొలిమి రాజేసుకుంటా."

"డార్కస్ వదిన నూరిపోసిందా?"

"ఆమె నోరు తెరిచి ఏదీ అడగదురా."

టైటస్‌కి ముచ్చటేసింది. పిల్లల్లేని ఈ మనిషే ఊరూరా బడి కావాలని గొంతు పోయేదాకా అరిచాడు. తన ఇంటికోసం ఒక్క అక్షరం రాయించుకోలేదు.

ఎదుటి పక్షం ఆయన లేచాడు. "డ్రేటన్ గారూ, ఆవిడ పాతవాడితో పోతే, ఇన్నాళ్లూ కాపురం చేసిన కొత్తవాడి గతేంటండీ?"

ఇషామ్ రెండు చేతులూ బల్ల మీద ఆనించాడు.

"వాడు మనిషైతే తలుపు తీసి పట్టుకుంటాడండీ. ఒకసారి అమ్ముడుపోయినావిడ, మళ్లీ ఇంకొకడి సొత్తు కాకూడదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మూడు ఓట్ల తేడాతో సవరణ గెలిచింది.

బయట మెట్ల మీద జనం. డార్కస్ కూడా వచ్చింది. ఆమె వెనక, టెక్సస్ నుంచి ఎవరినో వెతుక్కుంటూ కాలినడకన వచ్చాడట, భుజం వంగిన ముసలాయన ఒకడు నిలబడి ఉన్నాడు.

"పంచుకోమని చట్టం చేశారట, నిజమేనా నాయనా?" అని ఒక అవ్వ నిలదీసింది.

ఇషామ్ నవ్వేశాడు. అందరికీ వినబడేలా విడమర్చాడు. "కాదవ్వా. మొగుళ్లిద్దరూ ఎదురుగా ఉంటే, ఆమె ఎవరి చెయ్యి పట్టుకుంటే వాడే మొగుడు. రెండోవాడు నోరెత్తకూడదు."

అని, టోపీ తీసి, ఒక మెట్టు పక్కకి జరిగాడు.

డార్కస్ ఆ ముసలాయన చెయ్యి పట్టుకుంది.