రెండు సున్నాల ఎనిమిది

“పొయ్యిలో ఎట్టేయండి కెరాణి బాబూ! మిలిట్రీవోళ్లు సూసినారంటే నన్ను లాక్కుపోతారు.”

వెంకమ్మ కొంగుచాటు నుంచి తీసిన పార్సిల్‌ని రబ్బరు ఎస్టేటు గుమాస్తా లెచ్చుమనన్ బల్లమీద పడేసింది. పంపినవారి పేరు లేదు. లోపల లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. పైన కౌలాలంపూర్ తపాలా ముద్ర. కొడుకు పైడయ్య ఆ ఊరికే పనికి వెళ్లి రెండేళ్లయింది. “మిలిట్రీవోళ్లు ఉత్తరాలు ఇప్పి సదువుతున్నారు, ఒక్క ముక్క రాయకు” అని ముళ్లకంచె గేటు దగ్గర ఒట్టు వేయించుకున్నది తనే. వాడు నిజంగానే రాయలేదు. ఉన్నాడో లేడో తెలియక ఆమెకు తిన్నది ఒంటబట్టడం లేదు.

లెచ్చుమనన్ పేజీలు తిప్పి నవ్వాడు. “అడవిలో దాక్కుని పోరాడే కమ్యూనిస్టుల పుస్తకం కాదులే! ప్రపంచ బ్యాంకు వాళ్లది. మన దేశంలో రబ్బరెంత, తగరమెంత, బియ్యమెంత... అన్నీ లెక్కలే.”

“మా ఓడి పేరుందేటి?”

“ఇందులో మనుషుల పేర్లుండవమ్మా. అంకెలే.”

వెంకమ్మకు అక్షరాలు రావు, అంకెలొచ్చు. ఒక్కో పేజీ వేలితో తడుముతూ పోయి ఒకచోట ఆగిపోయింది. అచ్చు అంకెను కొట్టేసి పక్కన ఎవరో సిరాతో ఎనిమిది దిద్దారు. సున్నా మీద సున్నా పెట్టి.

“పైడయ్యే! నా రబ్బరుపాల బకెట్టు మీద సుద్దతో ఇలగే ఏసేవోడు. నాకు నేర్పినోడూ ఆడే!”

“అయితే లెక్కల ఆఫీసులో పడ్డాడన్నమాట. మన నెలవారీ ఫారాలు వెళ్లేదీ అక్కడికే.”

“నేనూ బతికున్నానని ఆడికి తెలాలి బాబూ. ఉత్తరం ఒద్దు. ఒక్క అంకె!”

ఆ నెల ఫారంలో ఆవుల గడిలో సున్నా ఉంది. ఎస్టేటులో ఆవుల్లేవు మరి. లెచ్చుమనన్ కలం ఆమె చేతికిచ్చి, చూడనట్టు కిటికీవైపు తిరిగాడు. వెంకమ్మ ఆ సున్నా నెత్తిన ఇంకో సున్నా పెట్టింది.

పదిహేను రోజులకు ఫారం తిరిగొచ్చింది. ఆవుల గడి చుట్టూ ఎర్రసిరా.

“నా ఉద్యోగం తీశావు కదమ్మా! ఎనిమిది ఆవులు ఎక్కడివని అడుగుతున్నారు. శుక్రవారం మనిషొచ్చి స్వయంగా చూస్తాడట.”

“నా సెయ్యి ఇరిగిపోనూ! పోలీసోళ్లనేటి? ఎవుల్ని పంపుతున్నారు బాబూ?”

లెచ్చుమనన్ కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని అడుగున రాసిన పేరు చదివాడు.

“పైడయ్య.”