ఐదో మొక్క

"వేళ్లతో సహా రావాలమ్మా. ఆకు తుంచి ఇస్తే ఎందుకూ పనికిరాదు," అన్నాడు కాలేజీ సారు.

యేసుమణి కదల్లేదు. పాల్మాకుల వెనక గుట్ట మీద, రెండు బండల నడుమ చారెడు మట్టిలో ఉన్నవే ఐదు మొక్కలు. ఒక్కోదానికి నేలను కరుచుకున్న ఒకే ఆకు, తెల్లటి ఒకే పువ్వు. ఊళ్లో ఒంటాకు గడ్డ అంటారు. అరవై ఏళ్లుగా జిల్లాలో ఎవరికీ కనబడలేదని పుస్తకాల్లో రాసిన మొక్కను ఆ పిల్ల కనిపెట్టింది. దాన్ని కాపాడే చదువు చదువుతానని స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టింది. వస్తే ఎమ్మెస్సీ, రాకపోతే సోమవారం నుంచి తండ్రితోపాటు ద్రాక్షతోటలో కూలి. మొక్క ఉన్నమాట నిజమేనా అని కళ్లారా చూడడానికి స్కాలర్‌షిప్ కమిటీ సార్లు ముగ్గురు, కాలేజీ సారు, మ్యూజియం సారు, ఛైర్మన్, పట్నం నుంచి బయల్దేరి ఆరాంఘర్ దగ్గర లారీల మధ్య ఇరుక్కుని, తొంభై ఆరు ఆగస్టు ఎండలో చెమటలు కక్కుతూ జీపులో వచ్చారు.

"ఐదే ఉన్నయి సార్. కెమెరాల రీలు ఉన్నది కద, ఫొటో తీసుకోండి," అంది.

కాలేజీ సారు నవ్వాడు. ఫొటోను ఎవరూ నమ్మరని, ఎండబెట్టి అట్టకు అంటించిన మొక్కే సాక్ష్యమని, ఆ మాత్రం తెలియకపోతే ఈ చదువు ఎలా చదువుతావని నెమ్మదిగా బోధించాడు. ఎంత మంచి సారంటే, సంతకం పెట్టేవాళ్లలో తనూ ఒకడినని కూడా గుర్తుచేశాడు.

ఆ మాటకు తండ్రి దావీదు గుండె జారిపోయింది. "ఇయ్యి బిడ్డా. సార్లు నోరు తెరిచి అడిగితే లేదంటవా?" అంటూ కొడవలి కొనతో మొదటి మొక్కను తనే పెకలించి ఇచ్చాడు.

మ్యూజియం సారు ఊరుకుంటాడా? తనకు రెండు కావాలన్నాడు. ఒకటి మ్యూజియంకు, ఒకటి కలకత్తాలోని పెద్దాఫీసుకు పంపడానికట. ఆయనకు రెండు ముట్టేసరికి కాలేజీ సారుకు తన ఒక్కటి చిన్నబోయినట్టు తోచింది, ఇంకోటి అడిగి పుచ్చుకున్నాడు. ఇద్దరూ పాత పేపర్లు పరిచి, పసిబిడ్డల్ని పడుకోబెట్టినట్టు మొక్కల్ని పడుకోబెడుతుంటే యేసుమణికి ఏడుపొచ్చింది. అంత ముద్దుగా చూసుకునేవాళ్లు తవ్వించడం దేనికో ఆమెకు అర్థం కాలేదు.

ఛైర్మన్ ఒక్కడే ఏమీ అడగలేదు. మొహం ముడుచుకుని, బండ మీద కూర్చుని ఫైలు తిరగేస్తున్నాడు. ఆయన్ను చూసి యేసుమణికి ప్రాణం లేచొచ్చింది. ఒక్క మొక్క మిగిలినా చాలు, గడ్డ పిలకలేస్తుంది, నాలుగేళ్లలో మళ్లీ ఐదవుతాయి అనుకుంది.

దావీదు ఆలోచన వేరు. పెళ్లిలోనైనా ప్రార్థన కూటంలోనైనా ముందు పెద్దమనిషి చేతిలో పెట్టి, ఆ తర్వాతే మిగతావాళ్లకు ఇవ్వాలి. ఇక్కడ అందరికీ ముట్టింది, పెద్దసారుకే ముట్టలేదు. ఆ ముడుచుకున్న మొహానికి కారణం ఇంకేముంటుంది? సార్లకు మంచినీళ్లు తెమ్మని కూతుర్ని కింద జీపు దగ్గరికి పంపాడు.

ఆమె చెంబుతో తిరిగి వచ్చేసరికి తండ్రి ఛైర్మన్ ముందు నిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో, మట్టిగడ్డతో సహా, ఐదో మొక్క.

"మీకు తక్కువ చేస్తమా సార్. గిది మీదే," అంటున్నాడు.

ఛైర్మన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చాలా అపురూపమైనదన్నాడు. దావీదు భుజం తట్టి, తడిగుడ్డ చుట్టించి జీపులో పెట్టించాడు. తర్వాత పెన్ను మూత తీసి యేసుమణిని పిలిచాడు.

"ఆఖరి గడి ఒక్కటే మిగిలిందమ్మా. ప్రస్తుతం ఈ స్థలంలో మొక్కలు ఎన్ని ఉన్నాయి?"

ఆమె చెంబు కింద పెట్టింది. "ఒక్కటి గూడ లేదు సార్."

ఛైర్మన్ నిజాయితీపరుడు. సున్నా చుట్టి, కింద సంతకం పెట్టి, మిగతా ఇద్దరిచేతా పెట్టించి ఫైలు మూశాడు.

"ఉన్నదున్నట్టు చెప్పావు, మంచి పిల్లవి. మరి లేని మొక్కను కాపాడతానంటే స్కాలర్‌షిప్ ఎలా ఇస్తారమ్మా?"