రథం నాటి నిప్పు

“షార్ట్ సర్కిటే అన్నా. అదే రాస్కో,” అంది కమల మళ్లీ.

గంగాధర్ పెన్ను మూత కూడా తీయలేదు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున కాలిన ఇళ్లు చూసి, కారణమూ నష్టమూ తేల్చడం అతని పని. కుంఠా నాకా కూడలి దగ్గరి ఈ ఇంట్లో ముందు గది నిండా కరెంటు మగ్గాలు, వెనక కాపురం. ఇప్పుడు రెండూ మసి. మండుతున్న చద్దర్ దుప్పట్లను బయటికి లాగబోయి కమల భర్త వెంకటేశ్ లోపలే పోయాడు. క్లెయిము వస్తేనే కమలకూ, పిల్లలకూ, అత్తకూ మళ్లీ తలమీద ఒక కప్పు, ఒక మగ్గం.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది ఎక్కడా అతకలేదు.

“చెల్లె, మంట లేసింది మార్కండేయ సామి రథం ఊరేగిన నాడు. ఆ దినం పేట మొత్తం మగ్గాలు బంద్. మెయిన్ దించి, మగ్గానికి పూజ చేసి, కింద దీపం పెడతం. భవాని పేట్ల మా అమ్మ గూడ గట్లనే పెడతది. కరెంటే లేనప్పుడు షార్ట్ సర్కిట్ ఏడికెల్లి వస్తది?”

కమల కాలిన మగ్గం మీది మసిని కొంగుతో తుడవసాగింది.

“మగ్గం కింద దూది దుమ్ముకు దీపం అంటుకున్నది, గంతేగదా?” గంగాధర్ గొంతు తగ్గించాడు. “ఉన్నదున్నట్టు చెప్పు. అది ప్రమాదమే, పైసలు పూరా వస్తయి. అబద్ధం మీద సంతకం పెడితే క్లెయిమ్ ఖతం. ఆఫీసోళ్లు మీటర్ రికార్డు తీపిస్తరు.”

“రాకుంటె రాకపాయె.”

“పిల్లలను ఏం పెట్టి సాకుతవు?”

“బీడీలు చేస్త.”

అతనికి ఒళ్లు మండింది. “ఎందుకమ్మా నీకు గింత జిద్దు?”

కమల పక్కింటి తలుపు వైపు చూసింది. కొడుకు పోయిన నాటి నుంచి అత్త నర్సమ్మ ఆ ఇంట్లోనే మంచం పట్టి ఉంది.

“ఆ దీపం పెట్టింది మా అత్త. వైర్ కాలి కొడుకు పోయిండనుకుంటున్నది. దీపమని మీ కాగితంల పడితే పేటంత తెలుస్తది. ఇంక ఆమె బతకది అన్నా. ఇంట్ల ఒకలు పోయిండ్రు, సాలు. నీకు దండం పెడ్త.”

గంగాధర్‌కు ఏడుపొచ్చింది. ఎన్నో కాలిన ఇళ్లు చూశాడు గానీ, చేతికందే డబ్బును ఇలా కాలదన్నిన మనిషిని చూడలేదు. ఆమె చెప్పినట్టే రాశాడు. ఆమె సంతకం పెట్టింది. తన మనసు మారకముందే ఆ కాగితం ఫొటో తీసి పుణె ఆఫీసుకు పంపించేశాడు.

వీధి మలుపులో బండి స్టార్ట్ చేస్తుంటే ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకున్నారు. నర్సమ్మ. గోడలు పట్టుకుని వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

“బిడ్డా, ఆ దీపం పెట్టింది నేనే. మొదటికెల్లి నాకు ఎరుకే. మా కమలకు మాత్రం చెప్పకు, నాకు తెల్వదనుకొని జర నిమ్మళంగ ఉన్నది.” ముసలామె అటూ ఇటూ చూసి, అతని చెయ్యి పట్టుకుంది. “అబద్ధమాడితె పైసలు రావంటగద... దీపమనే రాసినవు గదా?”