సింహంగారి గుంత

అడవికి రాజైన సింహం ఏటా డప్పులతో ఊరేగి వచ్చి, ఒకే గుంతలో ఒక మొక్క నాటేది. నిరుటి మొక్క ఎండిపోయేది గనక గుంత ఎప్పుడూ సిద్ధంగానే ఉండేది.

"మరి నీళ్లెవరు పోస్తారు ప్రభూ?" అని తాబేలు అడిగేది.

"నాటడం నా పని. నీళ్లు పోయడం కిందివాళ్ల పని!" అని సింహం గర్జించేది. నక్క చప్పట్లు కొట్టేది.

ఇలా ఉండగా పాత చెట్లు పడిపోయాయి, కొత్తవి లేవలేదు, చెరువు ఎండింది. ఒక మండువేసవిలో సింహం సొమ్మసిల్లి, కాస్త చల్లగా ఉంటుందని ఆ గుంతలోనే కూలబడింది.

"తాబేలూ, కాసిని నీళ్లు పొయ్యవే!"

"అది కిందివాళ్ల పని కదా ప్రభూ!"

అప్పుడు సింహం పొట్ట కింద నుంచి వానపాము సన్నగా అంది: "కింద ఉన్నది నేనొక్కదాన్నే ప్రభూ. కాస్త లేస్తారా, ఊపిరాడటం లేదు."